మసాయి మారాలో నాలుగు రోజులు, ఒక కెమెరా

పదేళ్లుగా నేను తీసేది ఎక్కువగా పక్షుల ఫొటోలే. ఆదివారం తెల్లవారకముందే హైదరాబాద్ దగ్గరి అమీన్‌పూర్ చెరువు గట్టున మోకాళ్ల మీద కూర్చునే నలుగురైదుగురిలో నేనొకణ్ని. ఏడాదికోసారి మహారాష్ట్రలోని పులుల అడవి తాడోబాకు పోయి, జిప్సీలో దుమ్ము తిని, దొరికితే పులి, లేకపోతే నెమలి అనుకుని వచ్చేయడం అలవాటు. తాడోబాలో పులి కనిపించేది వెదురు పొదల సందులో ఏ పది సెకన్లో. నా పనితనమంతా ఆ పది సెకన్లకు తగ్గట్టే తయారైంది. కనిపించగానే నొక్కడం, ఏం వచ్చిందో తర్వాత చూసుకోవడం. కెన్యాలో నా కొంప ముంచింది ఈ అలవాటే.

2024 సెప్టెంబరులో కెన్యాలోని మసాయి మారా అభయారణ్యానికి వెళ్లాం, నేనూ మా బామ్మర్దీ. విమానం టికెట్లు, బండి, గైడు, బస అన్నీ కలిపి మనిషికి మూడున్నర లక్షలు దాటింది. అందులో పార్కు ఫీజే పెద్ద దెబ్బ. విదేశీయులకు జనవరి నుంచి జూన్ దాకా రోజుకు 100 డాలర్లు, జులై నుంచి డిసెంబరు దాకా 200. టాంజానియాలోని సెరెంగెటి మైదానాల నుంచి వైల్డ్‌బీస్టుల (ఆవులా కనిపించే పెద్ద జింక జాతి జంతువుల) మందలు మారాకు వచ్చేది జులై తర్వాతే కాబట్టి జనమంతా అప్పుడే వెళ్తారు, రేటూ అప్పుడే ఎక్కువ. నాలుగు రోజులకు 800 డాలర్లు. ఆ లెక్క బుర్రలో తిరుగుతుండటం వల్లేమో, మొదటి రోజు నిమిషానికో ఫొటో తీయకపోతే నష్టమన్నట్టు తీశాను.

వెళ్లే ముందు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి. మేం నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేయించుకున్నాం. వేయించుకున్నాక ఇచ్చే పసుపు కార్డు పది రోజుల తర్వాతే చెల్లుతుంది, అందుకని చివరి వారంలో పరుగెత్తితే లాభం లేదు. కార్డు లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే ఆపి ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టే అధికారం వాళ్లకుంది. కెన్యాకు వీసా అనేది 2024 జనవరి నుంచి లేదు, దాని బదులు ఆన్‌లైన్‌లో ఈటీఏ అనే ముందస్తు ప్రయాణ అనుమతి తీసుకోవాలి. బామ్మర్ది కొత్తగా కొన్న డ్రోన్ తీసుకొస్తానన్నాడు. ముందస్తు అనుమతి లేకుండా తెస్తే నైరోబి ఎయిర్‌పోర్టులోనే పట్టేసుకుంటారని చెప్పి బలవంతంగా బీరువాలో పెట్టించాను.

ఇంకోటి, కెన్యాలో 2017 నుంచి ప్లాస్టిక్ క్యారీబ్యాగుల మీద నిషేధం ఉంది. మా అత్తమ్మ బామ్మర్ది కోసం కట్టిచ్చిన సకినాలు పెద్ద పాలిథిన్ కవర్లో ఉన్నాయి. విప్పి స్టీలు డబ్బాలోకి మార్చాం. ఈ డబ్బా సంగతి తర్వాత మళ్లీ వస్తుంది.

నా సామాను: నికాన్ డీ500 కెమెరా, 200-500 మిల్లీమీటర్ల లెన్స్, చిన్న జూమ్ లెన్స్ ఒకటి, మెమరీ కార్డులు, ల్యాప్‌టాప్, రెండు హార్డ్‌డిస్కులు. అక్కడి ప్లగ్గులు బ్రిటన్‌లో లాగా మూడు చదరపు పిన్నులవి, మనవి ఎక్కవు. అడాప్టర్ ఒకటి కాదు, రెండు తీసుకుపొండి. సఫారీ బండిలో ట్రైపాడ్ దండగ, లెన్స్ కింద పెట్టుకునే గింజల సంచి, బీన్‌బ్యాగే దిక్కు. నేను ఖాళీ సంచి తీసుకెళ్లి, దారిలో నరోక్ ఊళ్లో నాలుగు కిలోల రాజ్మా కొని నింపాను. తిరిగొచ్చేటప్పుడు ఆ రాజ్మా మా క్యాంపు వంటతనికిచ్చేశాం. నాలుగు రోజులు లెన్స్ కింద నలిగిన గింజలను చూసి అతను ఒక నవ్వు నవ్వాడు గానీ తీసుకున్నాడు.

నైరోబి నుంచి మారాకు చిన్న విమానాలున్నాయి. వాటిలో సామాను పదిహేను కిలోలకు మించకూడదు, అదీ మెత్తటి బ్యాగుల్లోనే. అందుకని రోడ్డు మీద వెళ్లాం. రిఫ్ట్ లోయ అంచున బండి ఆపి చూస్తే కింద లోంగొనోట్ కొండ, దాని నెత్తిన గిన్నెలాంటి గుంట. మధ్యాహ్నానికి సెకెనానీ గేటు దగ్గరున్న మా క్యాంపు చేరాం.

మా గైడు అక్కడే పుట్టి పెరిగిన మసాయి తెగ మనిషి. నలభై ఏళ్లుంటాయి. తక్కువ మాట్లాడతాడు. స్వాహిలీలో బండిని "గారి" అంటారు, మన హిందీ గాడీయే ఎప్పుడో సముద్రం దాటి అలా అయింది. బామ్మర్దికి ఇది తెగ నచ్చేసింది. "బావా, ఈడ బండికి కూడా గారు పెట్టి పిలుస్తరు" అని రోజూ పొద్దున ల్యాండ్‌క్రూయిజర్‌కు దండం పెట్టి ఎక్కేవాడు. దుకాణాన్ని "డుకా" అంటారు, చపాతీని చపాతీయే అంటారు. రైలు మార్గం వేయడానికి 1890లలో మనవాళ్లను వేలమందిని తీసుకొచ్చిన దేశం మరి.

మొదటి రోజు పొద్దున బండెక్కగానే గైడు అడిగిన ప్రశ్న ఇది: "ఫొటోనా, వీడియోనా?"

"రెండూ" అన్నాను.

అతనేమీ అనలేదు. ఆ మౌనాన్ని నేను ఒప్పుకోలు అనుకున్నాను.

ఆఫ్రికా అంటే ఎండ అనుకుని పోతాం గానీ మారా ఉన్నది సముద్రమట్టానికి దాదాపు ఒకటిన్నర కిలోమీటరు ఎత్తున. పొద్దున ఆరింటికి తెరిచిన బండిలో స్వెటర్, మంకీ క్యాప్ లేకపోతే వేళ్లు బటన్ మీద నిలబడవు. భూమధ్యరేఖ పక్కనే కాబట్టి సూర్యుడు తిన్నగా పైకెక్కేస్తాడు. ఆరున్నరకు పొడిస్తే ఎనిమిదికల్లా మెత్తటి వెలుతురు అయిపోతుంది. తొమ్మిది దాటితే నేల నుంచి వేడి ఆవిరి లేస్తుంది. రెండొందల మీటర్ల దూరంలోని చారల గుర్రం వ్యూఫైండర్‌లో నీళ్లలో నీడలా వణుకుతుంది. ఎంత ఖరీదైన లెన్సయినా అప్పుడు చేయగలిగింది లేదు, దగ్గరికి పోవడం తప్ప. మొదటి రోజు పది నుంచి రెండు దాకా నేను తీసిన 1,900 ఫొటోల్లో ఒక్కటంటే ఒక్కటి కూడా ఉంచుకోలేదు.

ఇంకో తప్పు, పైకప్పు లేపిన బండి కదా అని ఆ సందులోంచి నిలబడి తీయడం. సినిమాల్లో అందరూ అలాగే తీస్తారు. తీరా చూస్తే జంతువు వీపు, దాని వెనక గడ్డి, ఆకాశమే లేదు. సింహాన్ని డాబా మీద నుంచి చూసినట్టు ఉంటుంది. సాయంత్రం గైడు కిటికీ అద్దం దించి, బీన్‌బ్యాగ్ అక్కడ పెట్టి, "కూర్చో" అని సైగ చేశాడు. కిటికీ నుంచి తీస్తే జంతువు కళ్లూ మన లెన్సూ దాదాపు ఒకే ఎత్తులోకి వస్తాయి. అమీన్‌పూర్‌లో బాతుల కోసం బురదలో బోర్లా పడుకునే నాకు ఈ మాట ఒకరు చెప్పాల్సి వచ్చింది.

రెండో రోజు మారా నది.

మందలు నది దాటడం గురించి అందరూ టీవీలో చూసిందే. టీవీలో చూపించనిది అంతకుముందు జరిగేది. వేల వైల్డ్‌బీస్టులు ఒడ్డు దాకా వస్తాయి, వంగి నీళ్లు చూస్తాయి, ఏదో ఒకటి బెదురుతుంది, మొత్తం మంద వెనక్కి మళ్లుతుంది. మళ్లీ వస్తాయి. మళ్లీ వెనక్కి. అదంతా ముక్కుతో హుం హుం అంటూ. మన బర్రెల మంద సాయంత్రం ఇంటికొచ్చేటప్పటి చప్పుడును వెయ్యి రెట్లు చేసుకోండి. మొదటి జంతువులు నీళ్లలో దిగేదాకా బండ్లు ఒడ్డుకు దూరంగా నిలబడాలి. ముందే పోయి అడ్డం నిలబడితే మంద దారి మార్చుకుంటుంది. మా చుట్టూ ముప్ఫై బండ్లకు తక్కువ లేవు. ఇంజిన్లు ఆపి మూడు గంటలు కూర్చున్నాం. నేను ఐదు నిమిషాలకోసారి "ఇప్పుడా?" అని చూస్తుంటే గైడు ఒక్కటే మాట అనేవాడు: "సుబిరి."

ఆగు అని. హైదరాబాద్‌లో పుట్టిన వాడెవడికైనా తర్జుమా అక్కర్లేదు. మన పాతబస్తీ సబర్ (ఓపిక), ఇదీ ఒకే అరబ్బీ మాటలోంచి వచ్చినవే.

పదకొండున్నరకు రెండు చారల గుర్రాలు దిగాయి. వాటి వెనక ఒక వైల్డ్‌బీస్టు దూకింది. అంతే, గట్టు తెగినట్టు మందంతా దిగింది. బండ్లన్నీ ఒక్కసారి ఒడ్డుకు ఉరికాయి. దుమ్ము, అరుపులు, కింద గోధుమ రంగు నీళ్లు, వాటిలో వందల తలలు.

నేను మొదట ఫొటోలు తీశాను. షట్టర్ 1/2000, అంటే సెకనులో రెండు వేలో వంతు, కదలికను ఆపేసే వేగం. ఒక నిమిషం తీశాక, అయ్యో, ఈ చప్పుడు, ఈ కదలిక ఫొటోలో ఏం తెలుస్తుంది అనిపించింది. వీడియోకు మార్చాను. వీడియోకు ఆ షట్టర్ పనికిరాదు. నీళ్ల తుంపరలు, కాళ్లు అన్నీ విడివిడిగా తునకలు తునకలుగా గెంతుతున్నట్టు వస్తాయి. సెకనుకు 25 ఫ్రేముల వీడియోకు 1/50 పెట్టుకోవాలి. మిట్టమధ్యాహ్నం ఎండలో 1/50 పెడితే వెలుతురు ఎక్కువై తెల్లగా మాడిపోతుంది. దానికి లెన్స్ ముందు ఎన్‌డీ ఫిల్టర్, అంటే వెలుతురు తగ్గించే నల్లటి అద్దం బిగించాలి. నా లెన్స్ మూతి 95 మిల్లీమీటర్లు. ఆ సైజు ఫిల్టర్ ధర చూసి కొనకుండా వచ్చినవాణ్ని. కాబట్టి అపర్చర్‌ను, అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే కంతను, ఎఫ్22 దాకా బాగా చిన్నగా మూశాను. రెండు రోజుల దుమ్ము కెమెరా లోపల బొమ్మ పడే సెన్సర్ మీద ఎంత పేరుకుందో అప్పుడు బయటపడింది. కంత పెద్దగా తెరిచిన ఎఫ్5.6లో కనిపించని మరకలన్నీ ఎఫ్22లో ఆకాశం నిండా ఈగల్లా ప్రత్యక్షమయ్యాయి. ఇక డీ500లో 4కే వీడియో పెడితే ఫ్రేము ఇంకా బిగుసుకుంటుంది. 500 లెన్స్ కాస్తా 1,100కు పైబడిన లెన్స్‌లా చూస్తుంది. పక్కబండిలో ఎవరో తుమ్మినా నా తెర ఊగుతోంది. ఫోకస్ ముందుకూ వెనక్కూ ఈడుస్తోంది.

ఇది కుదిరే పని కాదని మళ్లీ ఫొటోలకు మారాను. అప్పుడే ఒక దూడ అవతలి ఒడ్డు ఎక్కలేక జారుతోంది. దాని కింద నీళ్లలో మొసలి వీపు. పదేళ్లలో అలాంటిది నా ముందు జరగలేదు. వేలు తీయకుండా నొక్కాను.

షట్టర్ 1/50లోనే ఉంది. ఎఫ్22లోనే ఉంది.

ఆ ఎండకు ఆ లెక్క సరిగ్గా సరిపోవడం వల్ల తెర మీద వెలుతురు బాగానే కనిపించింది. తెల్లగా మాడినా, నల్లగా వచ్చినా అనుమానం వచ్చేది. అలా నాలుగు వందల ఫొటోలు తీశాను. రాత్రి టెంట్‌లో ల్యాప్‌టాప్ మీద పెద్దగా చేసి చూస్తే గోధుమ రంగు గీతలు, మధ్యలో ఒక ముదురు గీత. ఆ ముదురుది మొసలో దూడో నేనే చెప్పలేను. దూడ బతికింది. ఒడ్డెక్కి తల్లిని వెతుక్కుంటూ మందలో కలిసిపోయింది. అది కళ్లతో చూశాను కాబట్టి తెలుసు, నా ఫొటోల్లో మాత్రం సాక్ష్యం లేదు. దీన్ని కావాలని తీసిన కళాత్మక ఫొటో అని చెప్పుకోమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. నాకంత ధైర్యం లేదు.

నా వెనక బామ్మర్ది పైకప్పు అంచుకు మోచేతులు ఆనించి, ఫోన్ అడ్డంగా పట్టుకుని, మొదటి గుర్రం దిగినప్పటి నుంచి చివరిది ఎక్కేదాకా పద్నాలుగు నిమిషాలు ఒకే వీడియో తీశాడు. కదిలించలేదు, జూమ్ చేయలేదు. దూడ ఉంది. మొసలి ఉంది. "బావా, నువ్వు చెప్పినట్టే అడ్డం పట్టిన, మంచిగనే వచ్చిందా?" అని అడిగాడు. మంచిగనే వచ్చింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎక్కడో సింహం అరుస్తోంది. గర్జన అంటాం గానీ అది లోతైన మూలుగు, ఒకదాని వెనక ఒకటి, తగ్గుతూ తగ్గుతూ ఆగిపోతుంది. పొద్దున గైడు మళ్లీ "ఫొటోనా, వీడియోనా?" అని అడిగాడు. రోజూ అడుగుతున్నాడని నాకప్పుడు గుర్తొచ్చింది.

"తొమ్మిది దాకా ఫొటో. తర్వాత వీడియో. మధ్యలో మార్చను" అన్నాను. సవా, అన్నాడు. సరే అని.

మూడో రోజు చీతా. చీతాకూ చిరుతకూ తేడా తెలియక మన పత్రికల్లో ఇప్పటికీ ఒకదాని ఫొటో ఇంకోదానికి వేస్తుంటారు. చీతాకు కళ్ల నుంచి నోటి దాకా కన్నీళ్లు కారినట్టు నల్లటి చారలుంటాయి, ఒంటి మీద విడి చుక్కలు. చిరుతకు ఆ చారలుండవు, చుక్కలు పువ్వుల్లా గుత్తులుగా ఉంటాయి. మన దేశంలో అంతరించాయని 1952లో ప్రకటించిన చీతాలను 2022లో నమీబియా నుంచి మధ్యప్రదేశ్‌లోని కూనోకు తెచ్చాక అయినా ఈ పొరపాటు తగ్గుతుందనుకున్నాను.

ఆ ఆడ చీతా చెదపుట్ట ఎక్కి కూర్చుని ఉంది. దూరంగా థామ్సన్ గజెల్లు అనే చిన్న జింకలు మేస్తున్నాయి. అప్పటికే పది బండ్లు చేరి పుట్టను సగం చుట్టేశాయి. మా గైడు అటు పోనేలేదు. సూర్యుణ్ని వెనక పెట్టుకుని, దారి మీదే, బాగా దూరంగా బండి ఆపాడు. నేను సణిగాను. అతను చెప్పింది ఇది: చీతా పగలు వేటాడేదే సింహాలు, హైనాలు పడుకుని ఉంటాయని. దానికి పరుగు కొద్ది దూరమే. బండ్లు అడ్డమొచ్చి రెండు వేటలు చెడిపోతే ఆ పూట దానికీ, ఎక్కడో గడ్డిలో దాక్కున్న దాని పిల్లలకూ పస్తే. కూర్చున్నాం. గంట, రెండు గంటలు. బండ్లు ఒక్కొక్కటే విసుగెత్తి వెళ్లిపోయాయి. తొమ్మిదయింది. మాట ప్రకారం వీడియోకు మార్చాను. తొమ్మిదీ పదికి చీతా దిగి, తల వంచి, గడ్డిలో నడక మొదలుపెట్టింది.

చేతులు దురద పెట్టాయి. చీతా పరుగు ఫొటో అంటే నాలాంటివాడి జీవితాశయం. మార్చలేదు. వీడియోలో దాని భుజం ఎముకలు పైకీ కిందకీ కదలడం, ఒక కాలు గాల్లోనే ఆగిపోవడం, గజెల్ తలెత్తగానే రాయిలా మారిపోవడం అంతా ఉంది. నాలుగు నిమిషాలు. చివరికి అది పరుగెత్తింది మాకు ఎదురుగా కాదు, అవతలి వైపుకు. దొరికింది తోక, దుమ్ము. వేట తప్పిపోయింది. ఫొటోలకు మారి ఉన్నా నాకు దక్కేది ఆ తోకే.

మధ్యాహ్నం ఏనుగులు. గైడు వాటి దారి చూసి ముందే బండి ఆపి ఇంజిన్ కట్టేశాడు. మమ్మల్ని పట్టించుకోకుండా రెండు వైపుల నుంచీ దాటిపోయాయి. వీడియో అంటే ఏమిటో నాకు అప్పుడు కొద్దిగా తెలిసింది. ఒక్కో షాటు కనీసం అరనిమిషం కదపకుండా ఉంచాలి, బండిలో ఒక్కరూ కాలు కదపకూడదు, ఊపిరి కూడా పక్కకు తిప్పి వదలాలి. తొండంతో గడ్డి చుట్టి, కాలితో తన్ని, పీకే చప్పుడు ఉంటుంది చూడండి, పాత గుడ్డ చింపినట్టు. నా వీడియోలన్నిటిలో నాకు బాగా నచ్చింది ఆ చప్పుడే.

నాలుగో రోజు తెల్లవారుతుండగా రెండు ఆడ సింహాలు, ఐదు పిల్లలు, మధ్యలో రాత్రి కొట్టిన వైల్డ్‌బీస్టు. ఆ చలిలో వైల్డ్‌బీస్టు కడుపులోంచి ఆవిరి లేస్తోంది, దాని వెనకే సూర్యుడు. ఇది ఫొటోల వేళ. కానీ ఆ రోజు గైడు అడగకముందే నేను "వీడియో" అనేశాను. ఎందుకన్నానో అప్పటికి నాకే తెలియదు. కిటికీలో బీన్‌బ్యాగ్ మీద లెన్స్ ఆనించి, 24 నిమిషాలు ముక్కలు ముక్కలుగా తీశాను. పిల్లలు పక్కటెముకల లోపలికి దూరి ముఖమంతా ఎర్రగా చేసుకుని బయటకు రావడం, తల్లి నాకడం. పిల్లి జాతి పళ్లు ఎముక మీద గీరుకునే చప్పుడు చెవులకు చేరుతోంది. ఒక్క ఫొటో కూడా తీయలేదు.

మొత్తం 11,300 ఫొటోలు, 140 వీడియోలు. ఇంటికొచ్చి నెల రోజులు ఏరితే 200 ఫొటోలు మిగిలాయి. వాటిలో బాగున్నవి ఒక పదిహేను.

దసరాకు అందరం హనుమకొండలో కలిసినప్పుడు టీవీకి కలిపి వీడియోలు చూపించాను. నది దాటేది బామ్మర్దిదే పెట్టాం. తర్వాత సింహాలది. సౌండ్ పెంచాను. ఆవిరి, ఎండ, పిల్లలు. ఎముక పటపటమని విరుగుతున్న చప్పుడు గదంతా నిండింది.

అమ్మ కళ్లజోడు సర్దుకుని ముందుకు వంగింది. "అబ్బో, బొక్కలు ఎట్ల నములుతున్నదో చూడుర్రి. ఆ పళ్లు పళ్లేనా!"

తెర మీద సింహం అప్పటికి తినడం ఆపి, నోరు మూసుకుని అటు చూస్తోంది. పటపట మాత్రం ఆగలేదు. మధ్యలో స్టీలు డబ్బా మూత చప్పుడు కూడా సన్నగా వినిపించింది. బామ్మర్ది నా వైపు చూశాడు. నేను రిమోట్ తీసుకుని ఏనుగుల వీడియోకు మార్చాను.